కరిచే తలుపు

ఓబులేసన్న చెప్పులు విప్పగా చూసినవాళ్లు మా ఊళ్లో లేరు. సుగర్ ముదిరి కాలి వేలికి పుండు పడితే అనంతపురం డాక్టరు మెత్తటి ఎమ్సీఆర్ చెప్పులు రాసిచ్చాడట. నల్లటి రబ్బరు, మందపాటి అడుగు. ఇంట్లో అవే, తోటలో అవే, పంచాయితీలో అవే. గుడికి పోయినా గడప బయటే నిలబడి దండం పెట్టుకుని వస్తాడు. జబ్బును చూసి నవ్వేంత నీచురాలిని కాను నేను. మా నాయన కూడా సుగరుతోనే పోయాడు. కానీ ఆ చెప్పులేసుకుని ఓబులేసన్న చేసిన కరెంటు పరీక్షను తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా పేరు కృపాకుమారి. గుమ్మఘట్ట మండలంలో ఒక ఊరికి అంగన్‌వాడీ టీచర్ని. మా సెంటరుకు సొంత బిల్డింగు లేదు. కడతామని ఎప్పుడో పునాదులు తీశారు, రిబ్బను కత్తిరించారు, ఫొటో దిగారు, పోయారు. ఆ పునాదుల్లో ఇప్పుడు తుమ్మచెట్లు నాకంటే ఎత్తు పెరిగాయి. అందుకని ఓబులేసన్న పాత ఇంట్లో అద్దెకున్నాం. ఆ ఇంటి వెనకే ఆయన బోరు. మోటరుకు పోయే కరెంటు తీగ మా గోడలోంచే పోతుంది. నీళ్లు మాత్రం పక్కనున్న ఆయన కొత్త మేడకూ, దానిమ్మ తోటకూ పోతాయి. మాకు కావాలంటే మా ఆయా హనుమక్క వీధి కుళాయి నుంచి బిందెతో మోసుకు రావలసిందే.

వరండాకు ఇనుప గ్రిల్లు, దానికి ఇనుప తలుపు. పిల్లలు లోపలికి వచ్చేది, బయటికి పోయేది, అన్నం తిని చేతులు కడుక్కునేది, అన్నీ ఆ తలుపు పక్కనే.

"టీచర్, తలుపు కరుస్తాది," అని మొదట నాతో చెప్పింది చిన్నీరన్న. బయమ్మ మనవడు. తాత ఈరన్న పేరు పెట్టారు కాబట్టి మనిషి జానెడు, పేరు మాత్రం పెద్దమనిషి పేరు. నేను నవ్వాను. తలుపు కరవడమేంట్రా అన్నాను. వాడు కడిగిన చెయ్యి లాగు వెనక్కి దాచుకుని, "మోటరు ఉర్కితే కరుస్తాది," అన్నాడు. అప్పుడే వెనకాల మోటరు తిరుగుతోంది. చెప్పులు విడిచేసి వట్టి కాళ్లతో పోయి గ్రిల్లు మీద చెయ్యి వేశాను. భుజం దాకా జివ్వుమంది. వెనక్కి తిరిగి చూస్తే పిల్లలంతా బుద్ధిగా గోడవైపు జరిగి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మోటరు చప్పుడు వినగానే అలా కూర్చోవాలని వాళ్లకు వాళ్లే నేర్చుకున్నారు. ఎన్నాళ్లుగా కరుస్తోందో, ఎందరిని కరిచిందో! పాటలు, పద్యాలు, రంగుల పేర్లు నేర్పుతున్నానని మురిసిపోతున్న నాకు ఈ చదువు సంగతే తెలీదు.

పెద్దవాళ్లకెవరికీ తెలియకపోవడానికి కారణం ఒక్కటే. పెద్దవాళ్లు గ్రిల్లు దగ్గరికి చెప్పులతో వస్తారు. పిల్లల్లో సగం మందికి చెప్పులే లేవు. ఉన్నవాళ్లు కూడా బడి కదా అని వాకిట్లోనే విప్పి వస్తారు.

ఆ రోజే ఓబులేసన్న దగ్గరికి పోయాను. ఆయన మేడ అరుగు మీద కూర్చుని వక్కాకు నములుతున్నాడు. చెప్పింది విన్నాడు, లేచాడు, నాతోనే వచ్చాడు. మంచివాడే అనుకున్నాను, నా తెలివి తగలెయ్య! వచ్చి, ఆ నల్ల చెప్పులతోనే నిలబడి, రెండు చేతులతో గ్రిల్లును పట్టుకుని ఊపాడు.

"యాడమ్మా షాకు? చూడు, పట్టుకుని ఊపుతాండా. యాడుండాది?"

"చెప్పులిప్పి పట్టుకో అన్నా. రబ్బరు చెప్పులేసుకుంటే ఎట్ల తెలుస్తాది?"

"నాకు సుగర్ ఉండాది. డాక్టరు ఇప్పొద్దన్నాడు."

"మరి పిల్లోళ్లు చెప్పుల్లేకుండానే తిరుగుతారు గదన్నా. వాళ్లకే డాక్టరు చెప్పినాడు?"

"ఏమప్పా, పిల్లోళ్లు ఏమన్నా చెప్తారు. తలుపు కరుస్తాదంట! రేపు కిటికీ తంతాదంటారు. అది కూడా నమ్ము నువ్వు." అని పకపకా నవ్వాడు. అరుగు మీద ఉన్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. వాళ్లు నవ్వకపోతే రేపు వాళ్లకు తోటలో పని ఉండదు.

వీరేష్‌ను పిలిచి చూపించాను. మా ఊళ్లో కరెంటు పనంతా వాడే చేస్తాడు. మోటరు ఆపించి, మీట చూసి, గోడ తట్టి చూసి, నన్ను పక్కకు పిలిచి గుసగుసగా చెప్పాడు. మా మిద్దె మీదున్న ఓబులేసన్న నీళ్ల ట్యాంకు పొర్లి పొర్లి గోడ నాని, లోపలి పాత తీగ తొడుగు పుచ్చిపోయిందట. ఆ గోడలోనే గ్రిల్లు దిగింది కాబట్టి ఇనుముకు కరెంటు పాకుతోందట. "దాన్ని మింగేదానికి ఎర్తు పైపు ఉండాల గదక్కా. ఉండాది, ఉత్తుత్తిది. వేసినప్పట్నుంచి దాంట్లో చుక్క నీళ్లు పోసినోళ్లు లేరు. మన నేలలో తేమ యాడిది? గోడ పగలగొట్టి కొత్త తీగ లాగల్ల. కొత్త గుంత తీసి ఉప్పు, బొగ్గు వేసి కొత్త పైపు పాతల్ల. షాకు కొడితే దానంతటదే పడిపోయే స్విచ్చి ఒకటి పెట్టల్ల."

"ఈ మాటే ఓబులేసన్నకు చెప్పు."

వాడు సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు. "ఆయన తోటలో మోటర్లన్నీ నేనే చూస్తాండా గదక్కా," అన్నాడు. అంతే. సామాను సంచి భుజాన వేసుకుని పోయాడు. వీపు కూడా వంగే ఉంది వెధవకు.

ఆ రోజు నుంచి నా పని పిల్లలకు చదువు చెప్పడం కాదు, ఆ గ్రిల్లుకు కాపలా కాయడం. తలుపు తియ్యాలన్నా వెయ్యాలన్నా హనుమక్క ఎండిన వెదురు కర్రతో తోసేది. ఊళ్లో సగం ఇళ్లల్లో అదే పద్ధతి. స్విచ్చి మొండిదైతే ఒక కర్ర, ఫ్రిజ్జు కొడితే ఒక జత చెప్పులు, గ్రైండరు కొడితే కాళ్ల కింద గోనెసంచి. అద్దెకు ఇచ్చేటప్పుడే ఇంటాయన తాళంచెవితో పాటు కర్ర కూడా చూపిస్తాడు. దాన్ని జాగ్రత్త అంటారు. సిగ్గులేనితనం అని ఎవరూ అనరు.

నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. చేతులు తడి, కాళ్లు తడి, మోటరు ఎప్పుడు తిరుగుతుందో తెలీదు. మూడు ఫేజుల కరెంటు వచ్చిందంటే ఆటో స్టార్టరు దానంతటదే మోటరును లేపుతుంది. ఓబులేసన్న మీట ఎప్పుడూ ఆటోలోనే పెట్టి ఉంచుతాడు. రైతులంతా అంతే. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు నీళ్లు, మనిషి కాపలా ఉండనక్కర్లేదు. ఏదో ఒక రోజు నేను అటు తిరిగిన క్షణంలో ఒక బిడ్డ ఆ గ్రిల్లుకు అతుక్కుపోతుందని నాకు తెలుసు. ఆ బిడ్డ ఎవరో మాత్రం తెలీదు. ప్రార్థన చేసుకోవడానికి కళ్లు మూసుకుంటే ఒక్కో రోజు ఒక్కో మొహం కనబడేది.

అలాంటప్పుడు పైనుంచి ఆర్డరు వచ్చింది. అద్దె ఇళ్లల్లో నడిచే సెంటర్లన్నిటికీ కరెంటు భద్రత సర్టిఫికెట్ ఉండాలి, ఇంటి ఓనరే తెచ్చి ఇవ్వాలి, లేకపోతే సెంటరు అక్కడ నడవడానికి వీల్లేదు. మా సూపర్‌వైజరు ఉమాదేవి మేడమ్ ఫోనులో ఆ ముక్క చదివి వినిపించగానే నేను లేచి నిలబడ్డాను. దేవుడు ఉన్నాడనుకున్నాను. లైసెన్సున్న మనిషి వస్తాడు, మిషను పెట్టి చూస్తాడు, ఇది పనికిరాదని రాస్తాడు. ఇంకేముంది, గోడ పగలాల్సిందే.

వచ్చిన మనిషి పేరు హరినాథ్. రాయదుర్గం నుంచి బండి మీద వచ్చాడు. మోకాళ్ల కింది దాకా తోలు బూట్లు, కళ్లకు నల్లద్దాలు, భుజాన పెద్ద సంచి. ముందు ఓబులేసన్న మేడకు పోయాడు. అక్కడ టిఫిను, అక్కడే టీ, అక్కడే లోకాభిరామాయణం. ఎండెక్కాక ఇద్దరూ కలిసి నడుచుకుంటూ మా సెంటరుకు వచ్చారు. హరినాథ్ మీటరు బోర్డుకు ఒక ఫొటో తీశాడు. ఫ్యానుకు ఒక ఫొటో తీశాడు. గోడ మీద నేను అంటించిన 'అ అమ్మ' చార్టుకు కూడా తీశాడు, అది కరెంటుకు ఏమవుతుందో మరి! సంచి మాత్రం భుజం దిగలేదు, దాని జిప్పు తెరుచుకోలేదు.

"సార్, మోటరు ఏసి చూడండి సార్. మోటరు తిరిగేటప్పుడే గ్రిల్లుకు కరెంటు వస్తాది," అన్నాను.

"మోటరు రిపేరులో ఉండాది," అన్నాడు ఓబులేసన్న. పొద్దున పిల్లలు వచ్చే వేళకు అది గుయ్యిమని తిరిగింది. ఇంతలో ఆటో మీట ఎవరో ఆపేశారు.

"బూట్లిప్పి ఒకసారి ముట్టండి సార్, తెలుస్తాది."

హరినాథ్ నల్లద్దాలు కిందికి దించి నన్ను చూశాడు. "ఏమ్మా, నువ్వు కరెంటు చదివినావా?"

"చదవలేదు సార్. తగిలించుకున్నా."

ఆయనకు నవ్వు రాలేదు. నాకూ రాలేదు. ఓబులేసన్న మాత్రం, "మా టీచరమ్మకు నోరు జాస్తి సార్, మనసు మంచిదే," అని నా తరఫున క్షమాపణ చెప్పాడు. నా తరఫున! ఆ మాటకు నా అరికాలి మంట నెత్తికెక్కింది.

సర్టిఫికెట్ వచ్చేసింది. తీగలు సక్రమం, ఎర్తు సక్రమం, నివాసానికీ పిల్లలకీ సురక్షితం. గుండ్రటి సీలు, ఆకుపచ్చ సంతకం. నేను ఉమాదేవి మేడమ్‌కు ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"సర్టిఫికెట్ వచ్చింది కదా కృపా. ఇంక నీ బాధేంటి?" అన్నది ఆమె.

"గ్రిల్లు ఇంకా కరుస్తాంది మేడమ్."

"అది నువ్వనేది. సురక్షితం అని ఇంజనీరు రాశాడు. నేను ఎవర్ని నమ్మాలి? ఊరికే గొడవ చేస్తే నీ సెంటరుకే చెడ్డపేరు."

ఆమె నెలకొకసారి కారులో వస్తుంది, కారు దిగకుండా రిజిస్టరు తెప్పించుకుని సంతకం పెట్టి పోతుంది. గ్రిల్లు ఆమెను కరిచే అవకాశమే లేదు. ఇలాంటి వాళ్లకు కాగితం ఉంటే చాలు, కింద ఎవరు కాలిపోయినా కాగితం కాలకపోతే చాలు.

ఓబులేసన్న అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకుంటే ఆయన ఓబులేసన్న ఎందుకవుతాడు? మండలంలో సర్టిఫికెట్ వచ్చిన మొదటి సెంటరు తనదేనట. దాన్ని అద్దంలో ఫ్రేము కట్టించాడు. దేవుడి పటానికి పెట్టినట్టు కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, మంచి రోజు చూసి పూజ పెట్టించాడు. పేపరాయన్ని పిలిపించాడు. మేడమ్ వచ్చింది, హరినాథ్ వచ్చాడు, తల్లులందరినీ రమ్మని దండోరా వేయించాడు. రాయదుర్గంలో ఉండే కోడలు కూడా వచ్చింది, మనవరాలు లహరిని వెంటబెట్టుకుని. లహరి అక్కడ ఇంగ్లీషు బడిలో చదువుతుంది. తాత సెంటరు చూడటం ఆ పిల్లకు అదే మొదలు.

పూజ కదా, చెప్పులన్నీ వాకిట్లో విడిచారు. ఎవరు? మేము. తల్లులు, పిల్లలు, హనుమక్క, నేను. నాది చర్చి అయినా అది నా పిల్లల బడి, వట్టి కాళ్లతోనే నిలబడ్డాను. మేడమ్‌కు మడమ నొప్పట, శాండల్స్ విప్పకూడదట. హరినాథ్ బూట్లకు లేసులు కట్టడం పెద్ద పనట. ఓబులేసన్న సంగతి సరేసరి. సర్టిఫికెట్ ఇచ్చినాయన, పుచ్చుకున్నాయన, ఒప్పుకున్నామె, ముగ్గురూ తోలూ రబ్బరూ మీద నిలబడి మా బిడ్డలకు భయం లేదని చెబుతున్నారు. వరండా అంతా హనుమక్క కడిగిన తడి. టెంకాయ కొడితే ఆ నీళ్లు కూడా ఆ తడిలోనే కలిశాయి.

మేడమ్ మాట్లాడుతోంది. తల్లులు భయపడనక్కర్లేదంటోంది. వెనకాల గుయ్యిమని మోటరు లేచింది.

మూడు ఫేజుల కరెంటు వచ్చింది. ఇంత హడావుడిలో ఆటో మీట ఆపెయ్యడం ఓబులేసన్న మరిచిపోయాడు.

ఆ చప్పుడు వినగానే మా పిల్లలంతా ఒక్కసారి గోడవైపు జరిగారు. చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. చిన్నీరన్న రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. ఎవరూ అరవలేదు. ఒక్క లహరికే ఆ చదువు రాదు. గ్రిల్లుకు కట్టిన ఎర్ర బెలూను కోసం ఆ తడిలో వట్టి కాళ్లతో ఉరికింది.

నేను కదిలేలోపే ఓబులేసన్న అరిచాడు. అంత గట్టి అరుపు ఆయన గొంతులో ఉందని నాకు తెలీదు.

"లహరీ! ముట్టాకు! కరుస్తాదది! ముట్టాకు తల్లీ!"

కోడలు ఒక్క అంగలో పోయి పిల్లను రెక్క పట్టి వెనక్కి లాగింది. పిల్ల బెదిరి ఏడుపు మొదలుపెట్టింది. వెనకాల మోటరు తిరుగుతూనే ఉంది.

కరుస్తాదది! మా చిన్నీరన్న మాట అది. కిటికీ తంతాదని ఎగతాళి చేసిన నోటితోనే ఆ మాట వచ్చింది. ఆయనకు అన్నీ తెలుసు. గ్రిల్లును పట్టుకుని ఊపిన రోజూ తెలుసు, మోటరు రిపేరని చెప్పిన రోజూ తెలుసు. తెలిసే బొట్టు పెట్టి దండ వేశాడు.

"అన్నా, నీ మనవరాల్ని కరుస్తాది, మా పిల్లోళ్లను కరవదా?" అన్నాను.

"అట్ల కాదమ్మా... పట్నం పిల్ల, మెత్తంది... జాగ్రత్తకు చెప్పినా."

"జాగ్రత్త ఏంటికి? సురక్షితం అని రాసినారు గదా. బొట్టు పెట్టినావు గదా. చెప్పులిప్పు. ఇప్పి ఆ గ్రిల్లు పట్టుకో. నువ్వు పట్టుకుంటే మా పిల్లోళ్లు రేపట్నుంచి ఈడికే వస్తారు. ఈ మాట మీద నిలబడతా."

ఓబులేసన్న హరినాథ్ మొహం చూశాడు. హరినాథ్ తన బూట్లు చూసుకున్నాడు. మేడమ్ గొంతు సవరించుకుని, "ముందు ప్రోగ్రాం కానిద్దాం, ఇవన్నీ తర్వాత మాట్లాడుకుందాం," అన్నది. పేపరాయన కెమెరా దించేశాడు. వాడి కడుపుకూ ఓబులేసన్న ప్రకటనలే గతి.

బయమ్మ లేచింది. మనవడి చెయ్యి పట్టుకుంది. "పాండమ్మా," అని తల్లులను చూసి, ఓబులేసన్న వైపు తిరిగి, "నీ బిడ్డ బిడ్డ, మా బిడ్డ పురుగా అప్పా?" అన్నది. హనుమక్క వెదురు కర్రతో తలుపు తీసి పట్టుకుంటే ఒక్కొక్కరే పిల్లలను చంకనేసుకుని బయటికి నడిచారు. ప్రసాదం ఎవరూ ముట్టలేదు.

మర్నాటి నుంచి సెంటరును ప్రైమరీ స్కూలు వరండాలో నడిపాను. సర్టిఫికెట్ ఉన్న బిల్డింగు వదిలి సర్టిఫికెట్ లేని చోట ఎందుకు నడుపుతున్నావని మేడమ్ నాకు మెమో ఇచ్చింది. ఇచ్చుకోనీ. స్కూలు వరండాకు ఇనుము లేదు, అది చాలు నాకు.

ఇక ఓబులేసన్న చేసిన పని వినండి. గోడ పగలగొట్టించాడనుకుంటున్నారా? ఎర్తు గుంత తీయించాడనుకుంటున్నారా? ఒక గోనెసంచి పంపించాడు. విప్పి చూస్తే అన్నీ రబ్బరు చెప్పులు. చిన్నవి, బొటనవేలంత వాటి నుంచి మొదలు. పిల్లలందరికీ ఆయన కానుకట, ఇవేసుకుని మళ్లీ సెంటరుకు రమ్మన్నాడట. తాను ఎలా బతుకుతున్నాడో అలాగే పసిబిడ్డలు కూడా జీవితాంతం చెప్పుల మీద బతకాలన్నమాట. ఆ సంచి ముందు కూర్చుని నేను ఏడ్చాను. కోపం ఎక్కువైతే నాకు ఏడుపే వస్తుంది, ఏం చెయ్యను!

హనుమక్క ఏడవలేదు. పురికొస తెచ్చుకుని, స్కూలు మెట్ల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఆ చెప్పులను ఒక్కొక్కటే గుచ్చింది. బంతిపూలు గుచ్చినంత నిదానంగా గుచ్చింది. తర్వాత తన చెప్పులేసుకుని, కర్ర పట్టుకుని, ఓబులేసన్న పాత ఇంటికి పోయింది. వాడిన పూలదండ తీసేసి, ఆ సర్టిఫికెట్‌కు చెప్పుల దండ వేసి వచ్చింది.

ఫొటో ఎవరు తీశారో నాకు తెలీదు. తెలిసినా చెప్పను. పొద్దు వాలేలోపు అది ఫోన్లలో కణేకల్ దాటింది, కుందుర్పి దాటింది. గుండ్రటి సీలు, ఆకుపచ్చ సంతకం, మధ్యలో కుంకుమ బొట్టు, చుట్టూ పసిపిల్లల చెప్పులు. హరినాథ్ ఫోను ఆపేసుకున్నాడని విన్నాను. మేడమ్ నాకిచ్చిన మెమోను వెనక్కి తీసుకుంది, అదీ ఫోనులోనే, నా మొహం చూడలేక. ఓబులేసన్న ఏ ఊరి పంచాయితీకి పోయినా ముందు ఆయన కాళ్లకేసి చూడటం మొదలుపెట్టారట జనం. అది ఆయన తట్టుకోలేకపోయాడు. బిడ్డలు చస్తారన్నా కదలని మనిషి, కాళ్లకేసి చూసేసరికి కదిలాడు.

వారం తిరగకుండానే గోడ పగిలింది. వీరేష్ కొత్త తీగలు లాగాడు, ఈసారి వీపు కొంచెం నిటారుగా పెట్టి. వెనకాల గుంత తీసి బొగ్గు, ఉప్పు వేసి కొత్త పైపు పాతాడు. షాకు కొడితే పడిపోయే స్విచ్చి పెట్టాడు. ఆ గుంతలో రోజూ బిందెడు నీళ్లు పోసే పని తోట నీళ్లలోంచే జరగాలని నేను పట్టుబడితే ఒప్పుకున్నాడు ఓబులేసన్న. వేరే ఊరి నుంచి వేరే మనిషిని పిలిపించి కొత్త సర్టిఫికెట్ కూడా రాయించాడు. అది తీసుకుని స్కూలు వరండాకు వచ్చాడు.

"అంతా బాగయిండాది టీచరమ్మా. ఇదో కాయితం. పిల్లోళ్లను తోలుకుని రా."

నేను కాగితం తీసుకోలేదు. "ఆ పొద్దు చెప్పిందే అన్నా. చెప్పులిప్పి పట్టుకో."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తిట్టబోయాడు. వెనక నిలబడిన తల్లులను చూసి మింగేశాడు.

అందరం పాత ఇంటికి పోయాం. ఓబులేసన్న కాళ్లకు రాయి గుచ్చుకోకూడదని హనుమక్క వరండా శుభ్రంగా ఊడ్చింది. తర్వాత బిందెడు నీళ్లు తెచ్చి కుమ్మరించింది. వీరేష్ మోటరు వేశాడు, తాను ముందు వట్టి కాళ్లతో గ్రిల్లు పట్టుకుని చూపించాడు. అయినా ఓబులేసన్న కదల్లేదు. "బాగుండాదా రా? నిజ్జంగా బాగుండాదా?" అని అడుగుతూనే ఉన్నాడు. కొత్త సర్టిఫికెట్ ఆయన జేబులోనే ఉంది. దాన్ని ఒక్కసారి కూడా తీసి చదువుకోలేదు.

చివరికి చెప్పులు విప్పాడు. ఎండ తగలని ఆ పాదాలు పాలిపోయి ఉన్నాయి. తడిలో పెట్టగానే వేళ్లు ముడుచుకున్నాయి. చెయ్యి చాచాడు, వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ చాచాడు. నాకు జాలి వేయలేదు. మా పిల్లలు ఇన్నాళ్లూ అదే భయంతో ఆ తలుపు దాటారు, వాళ్లకు ఎవరూ స్విచ్చి పెట్టలేదు.

కళ్లు మూసుకుని పట్టుకున్నాడు. ఏమీ కాలేదు. కళ్లు తెరిచి, ఊపిరి వదిలి, వెర్రిగా నవ్వాడు.

చిన్నీరన్న మా అందరి కాళ్ల మధ్యలోంచి దూరి ముందుకు పోయాడు. "తాతా, కరిసిందా?"

"లేదప్పా. కరవదు ఇంక. రా, పట్టుకో."

వాడు ఆ మాట నమ్మలేదు. ఓబులేసన్న మొహం కూడా చూడలేదు. చేతులు చంకల్లోనే దాచుకుని వంగి, ఆయన పాదాలు రెండూ చూశాడు. ఒక పాదం పైకెత్తమని అడిగాడు. ఓబులేసన్న గ్రిల్లు పట్టుకునే ఎత్తాడు. రెండోది కూడా ఎత్తమన్నాడు. అదీ ఎత్తాడు. కింద ఏమీ లేదని చూసుకున్నాకే వాడు చంకలోంచి చెయ్యి బయటికి తీసి గ్రిల్లు మీద వేశాడు.